చీమలు అనే ముందు ఏ చీమ అని అడగాలి

చీమల కాలనీ అనగానే చాలామంది మనసులో ఒక రాణి, ఆమె మాట జవదాటని సైన్యం మెదులుతాయి. కానీ రాణి చీమ ఎవరికీ ఆజ్ఞలు ఇవ్వదు. పుట్టిన గూడు వదిలి ఎగిరిన రోజున జతకట్టి, రెక్కలు రాల్చేసుకుని, నేలలో దూరి తొలి విడత పిల్లల్ని పెంచాక, చాలా జాతుల్లో ఆమెకు మిగిలే పని గుడ్లు పెట్టడమే. ఎవరు తిండికి పోవాలి, ఎవరు లార్వాలను చూసుకోవాలి, గూడు ఎటు తవ్వాలి, చచ్చినవాటిని ఎక్కడ పారేయాలి అన్నవేవీ రాణి నిర్ణయించదు. ఇంకెవరూ నిర్ణయించరు కూడా. అయినా వేల చీమలున్న గూట్లో తిండి తెచ్చే చీమలు తక్కువ పడినట్టు కనిపించదు, పిల్లలు పస్తులుండవు.

ఇదెలా సాధ్యమన్నది చీమల శాస్త్రంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. దానికి దొరుకుతున్న జవాబు ఒక్కటి కాదు, జాతిని బట్టి మారిపోతోంది. ఇప్పటిదాకా శాస్త్రవేత్తలు పేరు పెట్టిన చీమల జాతులే 14,000 దాటాయి. అందుకే ‘చీమలు ఇలా చేస్తాయి’ అనే మాట విన్నప్పుడల్లా ‘ఏ చీమలు?’ అని అడగాలి. చీమల మీద వచ్చే చాలా రాతల్లో ఈ ప్రశ్నే ఉండదు. ఒక జాతిలో కనిపెట్టిన విషయాన్ని మొత్తం చీమల కులానికి అంటగట్టేస్తారు.

ఎవరూ చెప్పకుండా పని ఎలా జరుగుతుందో అన్నిటికన్నా ఓపిగ్గా చూపించింది డెబొరా గోర్డన్. అమెరికాలో ఆరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల సరిహద్దున ఎడారి నేలలో గింజలు ఏరుకుని బతికే ఎర్ర చీమలు ఉంటాయి. వాటి శాస్త్రీయ నామం పోగోనోమిర్మెక్స్ బార్బేటస్. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన గోర్డన్ 1980ల నుంచి అక్కడ దాదాపు 300 కాలనీలను ఏటేటా పరిశీలిస్తూ, ఏది కొత్తగా పుట్టింది, ఏది చచ్చిపోయింది అని లెక్క రాస్తూ వచ్చారు. ఈ జాతిలో రాణి 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. పనిచీమ ఆయుష్షు ఏడాది. అంటే కాలనీ ఒక మనిషి జీవితంలో మూడో వంతు కాలం నిలుస్తుంది గానీ, అందులో పనిచేసేవాళ్లు ఏటా మారిపోతూనే ఉంటారు. నిరుడు నేర్చుకున్నది గుర్తుపెట్టుకోవడానికి ఒక్క పనిచీమ కూడా మిగలదు.

ఈ కాలనీలో పొద్దున్నే ముందుగా కొన్ని కాపలా చీమలు బయటికొచ్చి చుట్టూ తిరిగి చూస్తాయి. అవి క్షేమంగా తిరిగొచ్చాకే గింజలు ఏరే చీమలు బయల్దేరతాయి. ‘వెళ్లండి’ అని కాపలా చీమ చెబుతుందా? లేదు. గూటి ద్వారం దగ్గర రెండు చీమలు ఎదురైనప్పుడు తలమీది మీసాలతో ఒకదాన్నొకటి తాకుతాయి. ప్రతి చీమ ఒంటి మీదా పల్చటి కొవ్వు పొర ఉంటుంది. ఎండలో తిరిగే చీమ వాసన ఒకలా, గూట్లో ఉండే చీమ వాసన మరోలా ఉంటుంది. ఎదురైంది కాపలా చీమా కాదా అన్నది మీసానికి తెలిసిపోతుంది. దీన్ని రుజువు చేయడానికి గోర్డన్, మైకేల్ గ్రీన్ చేసిన ప్రయోగం చాలా చిన్నది, చాలా అందమైనది. కాపలా చీమలు బయటికి వెళ్లాక వాటిని పట్టుకుని పక్కన పెట్టేశారు. ఇక ఆ పూట గింజల కోసం ఎవరూ బయటికి రాకూడదు. అప్పుడు చిన్న చిన్న గాజు పూసలకు కాపలా చీమల ఒంటి కొవ్వును పూసి, కాపలా చీమలు తిరిగొచ్చినంత వ్యవధిలో ఒక్కొక్కటిగా ద్వారంలోంచి లోపలికి జారవిడిచారు. గింజల చీమలు బయటికొచ్చాయి. గూడు మరమ్మతు చేసే చీమల వాసన పూసిన పూసలు వేస్తే కదల్లేదు. 2003లో వచ్చిన ఈ ఫలితం చెప్పేది ఒకటే. చీమకు సందేశం అక్కర్లేదు. ఎవరు, ఎంత తరచుగా ఎదురవుతున్నారన్నది చాలు.

రోజంతా ఇదే లెక్క నడుస్తుంది. గింజతో తిరిగొచ్చే చీమలు ఎక్కువగా తగిలితే లోపల కాచుకున్నవి బయటికి కదులుతాయి. అవి తగ్గితే ఇవీ ఆగిపోతాయి. 2012లో గోర్డన్‌తో కలిసి కంప్యూటర్ శాస్త్రవేత్త బాలాజీ ప్రభాకర్ ఈ లెక్కను పరిశీలించి, ఇంటర్నెట్‌లో డేటా ప్రవాహాన్ని అదుపు చేసే పద్ధతికీ దీనికీ పోలిక ఉందని చూపించారు. అక్కడ కూడా అవతలి నుంచి రసీదులు ఎంత వేగంగా వస్తున్నాయో చూసుకునే తర్వాతి డేటాను పంపుతారు.

అసలు గొప్ప విషయం దీని తర్వాత బయటపడింది. ఎడారిలో తిండికి వెళ్తే ఒంట్లో నీరు పోతుంది. ఆ నీరు మళ్లీ గింజల్లోని కొవ్వు నుంచే రావాలి. ఎండ తీవ్రంగా, గాలి పొడిగా ఉన్న రోజున కొన్ని కాలనీలు పని తగ్గించుకుంటాయి, కొన్ని ఎప్పట్లాగే పోతాయి. ఎవరికి ఎక్కువ పిల్ల కాలనీలు పుట్టాయని జన్యు పరీక్షలతో చూస్తే, పొడి రోజుల్లో ఇంట్లో కూర్చున్నవే ముందున్నాయి. తల్లి కాలనీ ఆ రోజుల్లో ఎలా ఉంటుందో, దూరంగా వేరే చోట వెలసిన కూతురు కాలనీ కూడా అలాగే ఉంటోంది. కాబట్టి ఆ గుణం చూసి నేర్చుకున్నది కాదు, వారసత్వంగా వచ్చింది. 2013లో ప్రచురించిన ఈ పరిశోధన విలువ ఏమిటంటే, ప్రకృతి ఎంపిక చేస్తున్నది ఒక చీమను కాదు, ఒక కాలనీ నడవడిని అని అవి సహజంగా బతికే చోటే కొలిచి చూపించడం. చీమలంటే విరామం లేని కష్టజీవులు అన్న నమ్మకానికి కూడా ఇది గట్టి దెబ్బ.

ఇప్పుడు ఇదే వివరణను అర్జెంటీనా చీమకు తగిలిస్తే పొరపాటవుతుంది. అది దారి వెంట వాసన రసాయనం రాస్తూ పోతుంది. బ్రస్సెల్స్‌లో జాన్ లూయీ డెనూబూర్ బృందం 1989లో గూటికీ తిండికీ మధ్య రెండు పాయలున్న వంతెన పెట్టి చూసింది. ఒక పాయ పొట్టిది, ఒకటి పొడుగుది. పొట్టి దారిన వెళ్లినవి ముందు తిరిగొస్తాయి కాబట్టి అక్కడ వాసన త్వరగా చిక్కబడుతుంది. వాసన చిక్కగా ఉన్నచోటికే మిగతావీ వస్తాయి. కాసేపటికి బారు మొత్తం పొట్టి దారి పట్టింది. రెండింటి పొడవు ఏ ఒక్క చీమా కొలవలేదు. రవాణా మార్గాల లాంటి లెక్కలకు కంప్యూటర్లలో వాడే ‘చీమల కాలనీ పద్ధతి’ని మార్కో డొరిగో 1992లో రూపొందించింది ఈ ఆలోచన మీదే.

కానీ ఈ కథలో సగమే ఎక్కువగా ప్రచారమైంది. అదే ప్రయోగంలో ముందు పొడుగు దారి మాత్రమే ఇచ్చి, అరగంట తర్వాత పొట్టి దారి తెరిస్తే అర్జెంటీనా చీమలు మారలేదు. పాత దారి వాసనకు కట్టుబడి దూరం నడుస్తూనే ఉన్నాయి. తోటల్లో కనిపించే నల్ల చీమ లేసియస్ నైగర్ మాత్రం అలా ఇరుక్కోదు. దారి గమ్యానికి అడ్డంగా పోతోందనిపిస్తే మధ్యలో వెనక్కి తిరుగుతుంది. చీమల ‘సామూహిక తెలివి’ని పొగిడేటప్పుడు దాని తప్పుల్ని కూడా చెప్పాలి. ఎందుకంటే రెండూ ఒకే సూత్రం నుంచి పుడుతున్నాయి. దండుచీమలు బారు నుంచి తెగిపోతే ఒకదాని వాసన ఒకటి పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ చచ్చిపోయే వరకూ ఆగకపోవచ్చు. గయానా అడవిలో అలాంటి ఒక వలయాన్ని ప్రకృతి శాస్త్రవేత్త విలియం బీబ్ 1921లో వర్ణించాడు. ఒక చీమ ఒక చుట్టు పూర్తి చేయడానికి రెండున్నర గంటలు పట్టేంత పెద్దది అది.

ఇక సహారా ఎడారిలో కెటాగ్లిఫిస్ చీమలకు దారిలో వాసన పనికిరాదు. కాలే ఇసుక మీద అది నిలవదు. అవి ఒంటరిగా వెళ్తాయి, వంకరటింకరగా వెతుకుతాయి, తిండి దొరకగానే తిన్నగా గీత గీసినట్టు గూటికి వచ్చేస్తాయి. దిక్కు కోసం సూర్యుణ్ని, ఆకాశంలోని కాంతి ధ్రువణాన్ని (కాంతి తరంగాలు ఏ దిశలో కంపిస్తున్నాయన్నదాన్ని) చూస్తాయి. చీమలు సూర్యుణ్ని చూసి నడుస్తాయని 1911లోనే ట్యునీషియాలో ఉన్న స్విస్ వైద్యుడు ఫెలిక్స్ శాంచి అద్దంతో సూర్యుణ్ని పక్కకు మళ్లించి నిరూపించాడు. దూరం సంగతి మాత్రం చాలాకాలం తేలలేదు. 2006లో మథియాస్ విట్లింగర్, రూడిగర్ వేనర్, హరాల్డ్ వోల్ఫ్ దాన్ని తేల్చారు. గూటి నుంచి 10 మీటర్లు నడిచి తిండి దగ్గరికొచ్చిన చీమల్ని పట్టుకుని, కొన్నిటి కాళ్లకు పంది వెంట్రుకలు అతికించి పొడుగు చేశారు. కొన్నిటి కాళ్ల కొసలు కత్తిరించి పొట్టి చేశారు. తర్వాత తిరుగు ప్రయాణానికి వదిలారు. పొడుగు కాళ్లవి గూడు ఉండాల్సిన చోటు దాటి దాదాపు 15 మీటర్ల దగ్గర వెతకడం మొదలుపెట్టాయి. పొట్టి కాళ్లవి 6 మీటర్లలోపే ఆగిపోయాయి. అంటే ఆ చీమలు అడుగులు లెక్కపెట్టుకుంటున్నాయి, లేదా లెక్కతో సమానమైన పనేదో చేస్తున్నాయి. అవే చీమల్ని గూట్లో వదిలి, మార్చిన కాళ్లతోనే మళ్లీ బయటికి వెళ్లనిస్తే రెండు వైపులా అడుగులు సరిపోయి, గూడు సరిగ్గానే దొరికింది.

ఇంతకాలం గూట్లో ఎవరేం చేస్తున్నారో చూడటానికి చీమల మీద రంగు చుక్కలు పెట్టి కళ్లతో వెంబడించాల్సి వచ్చేది. ఇప్పుడు కెమెరాలు ఆ పని చేస్తున్నాయి. స్విట్జర్లాండ్‌లోని లొజాన్ యూనివర్సిటీలో డానియెల్ మెర్ష్, లోరాన్ కెలెర్ బృందం ఆరు కాలనీల్లో ప్రతి పనిచీమ వీపు మీదా బార్‌కోడ్ లాంటి చిన్న చీటీ అంటించి, 41 రోజుల పాటు సెకనుకు రెండుసార్లు ప్రతిదాని స్థానం నమోదు చేసింది. 2013లో వచ్చిన ఫలితాల్లో చీమలు మూడు గుంపులుగా తేలాయి. రాణి, పిల్లల దగ్గర ఉండేవి ఒక గుంపు. శుభ్రం చేసేవి మరో గుంపు. తిండి తెచ్చేవి ఇంకోటి. వయసు పెరిగేకొద్దీ చీమ మొదటి గుంపు నుంచి చివరి గుంపు వైపు జరుగుతుంది. అన్నిటికన్నా ప్రమాదమైన బయటి పని అందరికన్నా ముసలివాటికే పడుతుంది. 2018లో ఇలాంటి చీటీలతోనే నల్ల తోట చీమల్ని చూసినప్పుడు, తిండి తెచ్చే చీమలకు ప్రాణాంతకమైన బూజు సోకగానే కాలనీ రాకపోకలే మారిపోయాయి. సోకినవి గూటి బయటే ఎక్కువసేపు గడిపాయి. పిల్లల్ని చూసే చీమలు లార్వాలను లోపలికి జరిపాయి. రాణికి చేరిన బూజు తక్కువ.

జాతికో తీరు అన్న సంగతి గాయాల విషయంలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆఫ్రికాలోని మటబేలే చీమలు చెదల గూళ్ల మీద దాడికి వెళ్తాయి, అక్కడ కాళ్లు పోగొట్టుకుంటాయి. గాయపడిన వాటిని తోటివి మోసుకొస్తాయని ఎరిక్ ఫ్రాంక్ బృందం 2017లో చెప్పింది. తర్వాత 2023లో మరో సంగతి బయటపెట్టింది. గాయానికి సూక్ష్మజీవులు సోకాయో లేదో ఆ చీమలు పసిగట్టి, సోకితే తమ ఛాతీ పక్కనున్న గ్రంథి నుంచి తీసిన ద్రవాన్ని పూస్తున్నాయి. అందులో యాంటీబయాటిక్ గుణమున్న పదార్థాలున్నాయి. ఈ వైద్యంతో మరణాలు 90 శాతం తగ్గాయి.

ఫ్లోరిడాలోని కార్పెంటర్ చీమకు ఆ గ్రంథి లేదు. పరిణామ క్రమంలో పోగొట్టుకుంది. మరి అది ఏం చేస్తుంది? కాలు కొరికి తీసేస్తుంది. 2024లో ఇదే పరిశోధకులు వివరించిన పద్ధతి ఇది. గాయం తొడ దగ్గరైతే తోటి చీమ ముందు పుండును నాకి, నోటితో పైకి వెళ్లి, కాలు ఒంటికి అతుక్కున్న చోట పదే పదే కొరుకుతుంది. గాయపడిన చీమ కదలకుండా కాలు అప్పగిస్తుంది. కాలు తెగడానికి 40 నిమిషాలైనా పడుతుంది. వైద్యం లేకుండా వదిలేస్తే 40 శాతం కూడా బతకనివి, ఇలా చేస్తే 90 శాతానికి పైగా బతుకుతున్నాయి. గాయం మోకాలి కింద అయితే మాత్రం కాలు తీయవు, చాలాసేపు నాకి శుభ్రం చేస్తాయంతే. ఈ తేడా ఎందుకని స్కానింగ్ తీసి చూస్తే కారణం శరీర నిర్మాణంలో దొరికింది. తొడలో కండరాలు ఎక్కువ. అవి దెబ్బతింటే రక్తంలాంటి ద్రవం ప్రవాహం మందగిస్తుంది, సూక్ష్మజీవులు ఒంట్లోకి చేరడానికి టైమ్ పడుతుంది. మోకాలి కింద కండ తక్కువ. అక్కడ సోకింది వెంటనే పాకిపోతుంది కాబట్టి 40 నిమిషాల ఆపరేషన్ అయ్యేలోపే చేయి దాటిపోతుంది. చీమకు ఈ లెక్క తెలుసని కాదు. ఈ లెక్క కుదిరిన కాలనీలే తరతరాలుగా మిగిలాయి.

ఇంత సేవ ఎందుకు? తనకు పిల్లలు లేని పనిచీమ అక్కచెల్లెళ్ల కోసం బతుకంతా ఎందుకు ధారపోస్తుంది? 1964లో జీవశాస్త్రవేత్త విలియం హామిల్టన్ ఇచ్చిన జవాబు బంధుత్వం. చీమల్లో ఆడవి ఫలదీకరణ జరిగిన గుడ్ల నుంచి, మగవి ఫలదీకరణ లేని గుడ్ల నుంచి పుడతాయి. మగ చీమలో జన్యువులు రెండేసి కాకుండా ఒక్కో ప్రతి మాత్రమే ఉంటాయి కాబట్టి కూతుళ్లందరికీ తండ్రి వాటా అచ్చం ఒకేలా వస్తుంది. దాంతో ఒకే తండ్రి అక్కచెల్లెళ్ల మధ్య పోలిక నాలుగింట మూడు వంతులు అవుతుంది. సొంత బిడ్డతోనైతే సగమే. ఈ లెక్క అందంగా ఉంది, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. కానీ దాని మీదే మొత్తం భారం వేయడం సరికాదు. గోర్డన్ చూసిన గింజల చీమల రాణితో సహా ఎన్నో జాతుల రాణులు ఒకటికి మించి మగచీమలతో జతకడతాయి. అప్పుడు ఆ మూడు వంతులు నిలవవు. 2010లో మార్టిన్ నోవాక్, కొరీనా టర్నిటా, ఎడ్వర్డ్ విల్సన్ బంధుత్వ సిద్ధాంతాన్నే ప్రశ్నిస్తూ వ్యాసం రాస్తే, మరుసటి ఏడాది 137 మంది శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టి ఖండించారు. ఈ గొడవలో ఎక్కువ బలమున్న వాదన 2008లో విలియం హ్యూస్ బృందం ఇచ్చినదే అనిపిస్తుంది. ఇప్పటి రాణులు ఎంతమందితో జతకట్టినా, కాలనీ జీవనం మొదలైన తొలి వంశాల్లో రాణి ఒక్క మగదానితోనే జతకట్టేదని వంశవృక్షాలు చూపిస్తున్నాయి. బంధం గట్టిగా ఉన్నప్పుడు త్యాగం మొదలైంది. పనిచీమలు వేరుగా బతకలేని స్థితికి వచ్చాక బంధం కాస్త పలచబడినా కాలనీ చెదరలేదు.

అయితే పనిచీమ ఎప్పటికీ పనిచీమే అనుకుంటే భారత దేశపు గెంతే చీమ దాన్ని కాదంటుంది. దీని పేరు హార్పెగ్నాథోస్ సాల్టేటర్. థామస్ జెర్డన్ 1851లో దక్షిణ భారతంలోని చీమల జాబితా ప్రచురిస్తూ దీనికి పేరు పెట్టాడు. ఈ జాతిలో రాణి చనిపోతే పనిచీమలు మీసాలతో ఒకదాన్నొకటి కొట్టుకుంటూ పోటీకి దిగుతాయి. ఇది వారాల తరబడి సాగొచ్చు. గెలిచిన కొన్ని గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. వాటి అండాశయాలు పెరుగుతాయి, మెదడు దాదాపు ఐదో వంతు కుంచించుకుపోతుంది. ఏడు నెలలు బతకాల్సిన చీమ నాలుగేళ్లు బతుకుతుంది. అలాంటి చీమను కొన్నాళ్లు విడిగా ఉంచి మళ్లీ గూట్లో వదిలితే అది గుడ్లు మానేసి పనిలో పడుతుంది, మెదడు కూడా తిరిగి పెరుగుతుంది. ఈ సంగతి 2021లో తేలింది. గుడ్లు పెట్టే జీవికి ఆయుష్షు తగ్గాలన్నది చాలా జంతువుల్లో కనిపించే నియమం. ఇక్కడ అది తలకిందులైంది. అందుకే ముసలితనం మీద పరిశోధన చేసేవాళ్లు ఈ చీమను వదలడం లేదు.

2025లో వచ్చిన ఒక వార్త అయితే జాతి అనే భావననే కదిలించింది. దక్షిణ యూరప్‌లోని మెస్సర్ ఐబెరికస్ రాణికి పనిచీమలు పుట్టాలంటే మెస్సర్ స్ట్రక్టర్ అనే వేరే జాతి మగచీమ కావాలి. ఆ జాతి దరిదాపుల్లో లేని చోట కూడా ఐబెరికస్ కాలనీలు హాయిగా ఉన్నాయి. ఎలా? ఆ రాణే తన గుడ్ల నుంచి స్ట్రక్టర్ మగచీమల్ని కూడా పుట్టిస్తోంది. గుడ్డులో తన కేంద్రక జన్యువులేవీ (కణం నడిమధ్య కేంద్రకంలో ఉండే జన్యువులు) లేకుండా, దాచుకున్న వీర్యం జన్యువులతో నకలు తీస్తోంది. ఈ రెండు జాతులూ విడిపోయి 50 లక్షల ఏళ్లు దాటింది. అయినా ఒకే తల్లి రెండు జాతుల కొడుకుల్ని కంటోంది.

ఇన్ని తేడాలున్నప్పుడు జాతుల్ని గుర్తించి పేరు పెట్టే పని ఎంత కీలకమో చెప్పనక్కర్లేదు. కానీ ఆ పనికి దక్కాల్సిన గౌరవం దక్కడం లేదు. 1931లో పశ్చిమ ఆస్ట్రేలియాలో సేకరించిన రెండు వింత పనిచీమలకు 1934లో నోథోమిర్మేషియా అని పేరు పెట్టారు. పాతకాలపు చీమల లక్షణాలు ఎన్నో నిలుపుకున్న జాతి అది. దానికోసం దశాబ్దాలు వెతికినా దొరకలేదు. చివరికి 1977లో రాబర్ట్ టేలర్ బృందానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన, దక్షిణ ఆస్ట్రేలియాలోని పూచెరా అనే చిన్న ఊరి దగ్గర కనిపించింది. అది బయటికొచ్చేది చలి రాత్రుల్లో. వెతికినవాళ్లు చీమలు తిరిగే వెచ్చటి వేళల్లో వెతికారు. ‘చీమలు చలికి బయటికి రావు’ అన్న ధీమాయే అడ్డుపడింది. ఇక 2003లో బ్రెజిల్‌లోని మనాస్ దగ్గర ఆకు చెత్తలో దొరికిన మార్షియాలిస్ హ్యూరేకా అనే కళ్లులేని చీమకు 2008లో పేరు పెట్టింది ఒకే ఒక్క పనిచీమ ఆధారంగా. 2022లో 489 పరిశోధనల్ని కూడగట్టి భూమ్మీద 20 వేల లక్షల కోట్ల చీమలున్నాయని అంచనా వేశారు. అంటే మనిషికి 25 లక్షల చొప్పున. ఆ లెక్కలో కూడా మట్టి లోపల బతికే చీమల సమాచారం చాలా తక్కువ.

ఒక జాతి స్థానంలో ఇంకో జాతి వస్తే ఏమవుతుందో కెన్యాలోని లైకిపియా గడ్డి మైదానాల్లో ఇప్పుడు చూస్తున్నారు. అక్కడి తుమ్మ చెట్ల మీద క్రెమాటోగాస్టర్ చీమలు కాపురముంటాయి. ఏనుగు కొమ్మ పట్టుకుంటే తొండంలోకి దూరి కుడతాయి, కాబట్టి ఏనుగులు ఆ చెట్ల జోలికి పోవు. బయటి నుంచి వచ్చిన పెద్దతల చీమలు ఈ కాపలా చీమల్ని చంపేశాయి. అవి చెట్టును కాయవు. ఏనుగులు చెట్ల్ని విరిచేశాయి. మైదానం బోసిపోయి, పొంచి వేటాడే సింహాలకు చాటు లేకుండా పోయింది. 2024లో ప్రచురించిన పరిశోధన ప్రకారం సింహాల వేటలో జీబ్రాల వాటా 2003లో 67 శాతం ఉంటే 2020 నాటికి 42 శాతానికి పడిపోయింది. అంతకుముందు వాటి వేటలో లేని అడవి దున్నల వాటా 42 శాతానికి చేరింది. సింహాల సంఖ్య తగ్గలేదు గానీ, అడవి దున్నను పడగొట్టడం జీబ్రాను పట్టడం కన్నా కష్టం, ప్రమాదం. ఈ మార్పు ఎంతకాలం నిలుస్తుందో పరిశోధకులు ఇంకా గమనిస్తున్నారు.